జీతం గుట్టు ఎవరికి మేలు?

మొన్న మేడిపల్లిలో ఒక గృహప్రవేశానికి వెళ్తే, బంతిలో నా పక్కన కూర్చున్న అవ్వ ఎదుటి కుర్రాడిని అడిగింది, "నీకెంతొస్తది బిడ్డా?" అని. అతను నోరు తెరిచేలోపే, ఏదో కంపెనీలో హెచ్చార్ చూసే పెద్దమనిషి అందుకున్నాడు. "అవ్వా, ఆడోళ్ల వయసు, మగోళ్ల జీతం అడగొద్దు." బంతంతా నవ్వింది. అవ్వ చిన్నబోయింది. ఇంత చదువుకున్న జనం ఒక పనికిమాలిన సామెతకు పొట్ట పట్టుకుని నవ్వడం చూసి నాకు పప్పన్నం సహించలేదు.

ముందు ఆ సామెత సంగతే తేలుద్దాం. అందులో ఆడవాళ్ళ వయసు ఉంది, మగవాళ్ళ జీతం ఉంది. మరి ఆడవాళ్ళ జీతం ఏది? నాచారం పారిశ్రామికవాడలో ప్యాకింగ్ బల్లల దగ్గర పొద్దస్తమానం నిలబడే ఆడవాళ్ళు ఊరికే వచ్చి పోతున్నారా? సమాన పనికి సమాన వేతనమని మన దేశంలో 1976లోనే చట్టం వచ్చింది. పక్క బల్ల దగ్గరి మగవాడికి ఎంతిస్తున్నారో తెలియని మనిషి ఆ చట్టాన్ని ఏం చేసుకోవాలి? అమెరికాలో లిల్లీ లెడ్‌బెటర్ అనే ఆమె గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసింది. తోటి మగ సూపర్‌వైజర్ల కంటే తనకు తక్కువ ఇస్తున్నారని, ఎవరో పేరు రాయకుండా పెట్టిన చీటీ చూశాకే ఆమెకు తెలిసింది. కేసు వేస్తే అక్కడి సుప్రీంకోర్టు 2007లో గడువు దాటిపోయిందని కొట్టేసింది. దాచింది కంపెనీ, ఆలస్యం చేసిందన్న నింద ఆమెకు! 2009లో ఆమె పేరు మీదే చట్టం తెచ్చి దిద్దుకున్నారనుకోండి. ఆ చీటీ రాసిన మనిషి మన పెద్దమనిషి సామెత విని ఉంటే ఆ కేసే లేదు.

పైగా జీతం అడగడం మనకు మర్యాద కాదట! ఎప్పటినుంచి? పెళ్లి సంబంధం వస్తే ప్యాకేజీ ఎంత, అందులో చేతికొచ్చేదెంత, ఈఎంఐ పోను మిగిలేదెంత అని మూడు తరాల వాళ్ళు కూర్చుని తవ్వుతారు. పేస్లిప్ అడుగుతారు. ఫారం-16 అడిగినవాళ్ళూ నాకు తెలుసు. అమెరికా సంబంధమైతే డాలర్లను రూపాయల్లోకి మార్చే పని పిల్ల మేనమామది. అక్కడ ఎవరి మర్యాదా మంటగలవదు. అదే పిల్లవాడు మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, ఒకే రోజు చేరి ఒకే పని చేస్తున్న పక్క సీటువాడికి ఎంతొస్తుందో అడగడు. నియామక పత్రంలో 'వేతన వివరాలు గోప్యం' అని ఒక వాక్యం ఉంది కదా, దానికి భయం. కట్నం బేరానికి పనికొచ్చే లెక్క, జీతం బేరానికి పనికిరాదన్నమాట.

మేడిపల్లి నుంచి వరంగల్ రోడ్డు మీద ముందుకు పోతే పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ వస్తుంది. ఆ కంపెనీ సీఈవోకు 2023-24లో ముట్టింది 66.25 కోట్లని పేపర్లన్నీ వేశాయి. అది కంపెనీయే బయటపెట్టిన లెక్క. లిస్టెడ్ కంపెనీలు డైరెక్టర్ల వేతనమూ, అది మధ్యస్థ ఉద్యోగి వేతనానికి ఎన్ని రెట్లో కూడా చెప్పి తీరాలని 2013 కంపెనీల చట్టం. కాలేజీ నుంచి నేరుగా చేరే ఇంజినీరు మామూలు ప్యాకేజీ ఏళ్ళ తరబడి 3.6 లక్షల చుట్టూనే తిరుగుతోంది. భాగించి చూడండి, 1,840 మంది కుర్రాళ్ళు. పై మనిషి జీతం లోకమంతా చదివినా ఏ కంపెనీ కూలలేదు. కింది మనిషి తన జీతం పక్కవాడికి చెబితే మాత్రం 'వాతావరణం' చెడుతుందట.

ప్రభుత్వోద్యోగుల సంగతి చూడండి. వాళ్ళ నెలజీతాలు కార్యాలయాలు తమంతట తామే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. వేతన సవరణ (పీఆర్సీ) కాలంలో ఉప్పల్ టీకొట్ల దగ్గర కూడా ఫిట్‌మెంట్ మాటే, అంటే మూలవేతనం ఎంత శాతం పెరుగుతుందన్న మాటే. 2021లో తెలంగాణ వేతన సవరణకు వేసిన బిస్వాల్ కమిషన్ 7.5 శాతం చాలంది. ఉద్యోగ సంఘాలు భగ్గుమన్నాయి. మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో 30 శాతం ప్రకటించారు. ఎవరికెంతో అందరికీ తెలిసినచోట కొట్లాట అలా ఉంటుంది.

అయితే ఆ 30 శాతంలోనే ఇంకో కథ ఉంది. అంగన్‌వాడీ టీచర్లకూ అదే 30 శాతం వర్తింపజేశారు. 10,500 కాస్తా 13,650 అయింది. ఆయాకు 6,000 పోయి 7,800 వచ్చింది. అదే పీఆర్సీలో సర్కారు ఉద్యోగి కనీస మూలవేతనం 19,000, గరిష్ఠం 1,62,070. అందరికీ ఒకే శాతం అనేది చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో! పసిపిల్లలకు అక్షరాలు దిద్దించే టీచరుకు, సర్కారు తన అటెండరుకిచ్చే మూలవేతనం కూడా రాదన్న సంగతి, రూపాయలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కనపడదు. వృత్తికీ వృత్తికీ పోలికేమిటి అని మూతి విరిచేవాళ్ళు ఈ రెండంకెలూ ఒకసారి చదవాలి.

పోల్చుకుంటే ఈర్ష్య పుడుతుందంటారు. పుట్టనివ్వండి. 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మెలో, డ్రైవరుకు అన్ని వేలా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు మా కాలనీలోనూ ఉన్నారు. అంతకుముందు నెల జీతం కూడా ఖాతాలో పడని డ్రైవర్లను చూసి కుళ్ళుకున్నది ఎవరయ్యా అంటే, తమ జీతం నోరు విప్పి చెప్పుకోలేని ప్రైవేటు ఉద్యోగులే. 2017లో రావలసిన వేతన సవరణ ఆర్టీసీ వాళ్ళకు 21 శాతం ఫిట్‌మెంట్‌తో 2024లో వచ్చింది. ఆలస్యమైనా వచ్చింది. మీదెప్పుడు?

నా అసలు కోపం బళ్ళ మీద, కాలేజీల మీద. నారపల్లి, ఘట్‌కేసర్ వైపు పొద్దున్నే పరిగెత్తే పచ్చ బస్సులను చూడండి. అందులో పిల్లలతోపాటు కూర్చుని వెళ్ళే సార్లను, మేడమ్‌లను చూడండి. ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే ఏడో వేతన సంఘం లెక్కన మూలవేతనం 57,700. సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) స్కేలు అది. మీకు తెలిసిన లెక్చరర్ ఒకరిని అందులో సగమైనా చేతికొస్తుందా అని అడగండి. ముందు నవ్వుతారు, తర్వాత అటూఇటూ చూస్తారు. ఖాతాలో నిండుగా వేసి, నగదుగా సగం వెనక్కి తీసుకునే కాలేజీల కథలు ఆ వృత్తిలో అందరికీ తెలుసు. ఫీజు పెంచమని నియంత్రణ కమిటీ ముందుకెళ్ళినప్పుడు మాత్రం యాజమాన్యం జీతాల ఖర్చు లెక్క పేజీలకు పేజీలు పెడుతుంది. అంటే ఆ జీతం తల్లిదండ్రులు కడుతున్నారు, సారుకు అందడం లేదు. ఇద్దరూ ఒక్క పూట కూర్చుని కాగితాలు పోల్చుకుంటే బండారం బయటపడేది. సారు చెప్పడు, తండ్రి అడగడు. మర్యాద!

కోవిడ్‌లో ఏమైంది? బళ్ళు మూశారు, ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి పోయారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. ఎవరు ఎంత జీతం కోల్పోయారో లెక్క కాగితం మీద ఉంటే కదా, దాన్ని బట్టి అడగడానికి? లక్షల మంది చదువుకున్నవాళ్ళు ఒకే సంచి బియ్యం కోసం నిలబడ్డారు.

అమెరికాలో కార్మికులు జీతాల గురించి మాట్లాడుకునే హక్కుకు 1935 నుంచీ చట్టరక్షణ ఉంది. బ్రిటన్‌లో 2010 చట్టం అలాంటి గోప్యత షరతుల పళ్ళు చాలావరకు పీకేసింది. మన దగ్గర 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ జీతం చీటీ ఇవ్వాలంటోంది, సంతోషం. దాన్ని తోటివాళ్ళకు చూపించినందుకు ఎవరినీ తీసేయకూడదని కూడా ఒక వాక్యం రాస్తే ఏం పోయేది?

మరి ఏం చేయాలంటారా? సర్కారు ఆఫీసు జీతాల పట్టికలాగే ప్రతి ప్రైవేటు బడి, కాలేజీ, కంపెనీ హోదాలవారీగా జీతాలు గోడకెక్కించాలి. ఎలా, ఎవరు తనిఖీ చేయాలి అన్నది న్యాయవాదులు తేల్చుకుంటారు. అంతవరకూ ఆగనక్కర్లేదు. ఈ ఒకటో తారీఖున జీతం పడగానే మీ స్లిప్పు పక్క సీటువాళ్ళకు చూపించండి, వాళ్ళది అడగండి. ఆ కుర్రాడెవరో గానీ, బాబూ, అవ్వకు జవాబు బాకీ ఉన్నావు.