వారానికొక సమస్య, వారానికొక పేజీ

మన విద్యార్థి లోకంలో పోటీలకేం కరువు లేదు. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, ఇప్పుడు వాటికి తోడు ఇరవై నాలుగు గంటల హాకథాన్లు. బహుమతి ఒకరికి, సర్టిఫికెట్ అందరికీ, మర్నాటికి మరుపు. నేను చెప్పబోయేది ఇంకో పోటీ గురించి కాదు. ఒక ఆట గురించి. ఆట అన్నానని తేలిగ్గా తీసుకోకండి. తరగతిలో దొరకని చదువు నాకు అందులో దొరికింది.

మేం తొమ్మిది మందిమి. పాతబస్తీలోనే పుట్టి పెరిగినవాళ్లు కొందరు, నాలా పల్లె నుంచి వచ్చి గది తీసుకున్నవాళ్లు కొందరు. శనివారం సాయంత్రం ఒకరు సమస్య ఇస్తారు. మళ్లీ శనివారానికి ప్రతివాడూ ఒక వెబ్ పేజీ కట్టి చూపించాలి. నియమాలు మూడే. పేజీ మొత్తం 5120 బైట్లు, అంటే ఐదు కిలోబైట్లు దాటరాదు. మనలో అందరికంటే పాత ఫోనులో తెరుచుకోవాలి. రాసిన కోడ్ పక్కవాడికి అర్థం కావాలి. మార్కుల్లేవు, బహుమతుల్లేవు. ఓడినవాడు చాయ్ పోయించాలన్న షరతు కూడా లేదు, ఎవరి చాయ్ వారిదే!

ఈ ఐదు కిలోబైట్ల కొలత మేం కనిపెట్టింది కాదు. ఫ్లికర్, స్లాక్ స్థాపకుల్లో ఒకడైన స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ 2000లో 'ఫైవ్ కే' పేరుతో నడిపిన పోటీలో ఇదే హద్దు. 2012 నుంచి ఏటా జరుగుతున్న ఇంకో పోటీలో పదమూడు కిలోబైట్లలో ఏకంగా ఒక ఆటనే తయారు చేస్తున్నారు. హద్దు ఉంటేనే బుర్ర కదులుతుందని వాళ్లకూ తెలుసన్నమాట.

ఒక వారం సమస్య: చార్మినార్‌కు 1889లో పెట్టిన నాలుగు గడియారాలు ఒక్క బొమ్మ కూడా వాడకుండా పేజీ మీద నడవాలి. గుండ్రటి గీత, రెండు ముళ్లు, అంతేగా అనుకున్నాం. నిమిషాల ముల్లు నిమిషానికి ఆరు డిగ్రీలు, గంటల ముల్లు గంటకు ముప్ఫై డిగ్రీలు తిరుగుతాయి. కానీ గంటల ముల్లు నిమిషానికి అర డిగ్రీ చొప్పున జరగకపోతే అయిదున్నరకు కూడా అది అయిదు మీదే నిలబడి ఉంటుంది. చిన్నప్పటి నుంచి గోడ మీద చూస్తున్న గడియారాన్ని ఆ వారమే మొదటిసారి సరిగా చూశాం.

ఇంకో వారం: ఛత్తాబజార్‌లో పెళ్లిపత్రికలు అచ్చువేసే ఒక దుకాణానికి తెలుగులో, ఉర్దూలో పేజీ. తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకి. ఉర్దూ వాక్యం మధ్య ఫోన్ నంబరు ఖాళీలు విడిచి రాస్తే నంబరులోని ముక్కలు అటుదిటు, ఇటుదటు అయి కూర్చుంటాయి. చూడటానికి అందంగానే ఉంటుంది. ఆ నంబరుకు చేస్తే మాత్రం ఫోన్ ఇంకెవరింట్లోనో మోగుతుంది! నంబరును విడిగా కట్టి దాని దిక్కు చెప్పాలన్నది ఏ పాఠం చెప్పినా ఇంత గట్టిగా తలకెక్కదు.

ఈ ఆటలో నన్ను ఆలోచింపజేసిన లెక్క ఒకటుంది. మన ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే తొమ్మిది అక్షరాలు, తొమ్మిది బైట్లు. ఉర్దూలో ఎనిమిది అక్షరాలు, పదహారు బైట్లు. తెలుగులో 'హైదరాబాదు' అని రాస్తే గుణింతపు గుర్తులతో కలిపి తొమ్మిది సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు, వెరసి ఇరవై ఏడు. అంటే ఐదు కిలోబైట్ల గదిలో తెలుగువాడు మూడింతలు పొదుపుగా బతకాలి. దానికి తోడు మనవాళ్లు అందమైన ఫాంటు కావాలని వందల కిలోబైట్ల ఫైలు తగిలిస్తారు. ఫోనులో ఉన్న ఫాంటునే వాడితే ఆ బరువే ఉండదు.

బరువుతో ఏముందిలే అంటారా? మా నాయిన చేను గట్టు మీద నిలబడి మార్కెట్ ధర చూద్దామని ఫోన్ తెరుస్తాడు. సిగ్నల్ ఒక గీత. పేజీలో ముందు ప్రకటన, తర్వాత ఎవరిదో నవ్వు ముఖం, తర్వాత తిరిగే చక్రం. "గిది తెరుచుకుంటనే లేదు బిడ్డా" అంటాడు. ఆయనకు కావలసింది నాలుగు వరుసల అంకెలు. నాలుగు వరుసలను నాలుగు సెకన్లలో చూపించే పేజీ కట్టడం మాకు చేతనైన పని. అది చేతనవునని ఈ ఆట వల్లనే తెలిసింది.

ఇలాంటి ఆట మన గడ్డకు కొత్తేమీ కాదు. అవధానంలో పృచ్ఛకుడు విడ్డూరమైన ఒక పాదం విసురుతాడు. అవధాని దాన్ని అర్థవంతమైన పద్యంగా పూరిస్తాడు. ఆకాశవాణి ఆ సమస్యాపూరణాన్ని ఇంటింటికీ చేర్చింది. ఉర్దూలో తరహీ ముషాయిరా ఉంది. ముందే ఒక మిస్రా ఇస్తారు. అందరూ అదే ఛందస్సులో, అదే ప్రాసలో గజల్ రాసుకొస్తారు. దాగ్ దెహల్వీ వంటి కవి వచ్చి స్థిరపడి 1905లో కన్నుమూసిన నగరం ఇది. ప్రధానమంత్రి పదవిలో ఉంటూనే మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' పేరుతో కవిత్వం చెప్పిన నగరం. హద్దు గీసుకుని దానిలోనే ఆడి చూపడం ఈ వీధులకు తెలిసిన విద్య. మేం ఛందస్సు బదులు బైట్లు లెక్కపెడుతున్నాం, అంతే తేడా.

కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా చేస్తే ఏమవుతుందో తెలుగు వికీపీడియా చూపించింది. బల్గేరియాకు చెందిన వాసియా అటనసోవా 2015లో 'వంద రోజులు వంద వ్యాసాలు' అని తనకు తానే సవాలు పెట్టుకుంది. మన ప్రణయ్‌రాజ్ వంగరి 2016 సెప్టెంబర్ 8న ఆ సవాలునే అందుకుని వంద దగ్గర ఆగలేదు. రోజుకొక వ్యాసం చొప్పున 2019 జూన్ 4 నాటికి వెయ్యి రోజులు పూర్తి చేశాడు. వెయ్యి వ్యాసాలు ఒకేసారి రాయమంటే ఎవరు కూర్చుంటారు?

కొందరు మిత్రులు అడుగుతారు: "కృత్రిమ మేధకు చెబితే నిమిషంలో పేజీ కట్టి ఇస్తుంది కదా, నీకెందుకీ తంటా?" నిజమే, ఇస్తుంది. ఫోన్ నంబరు తిరగబడితే ఎక్కడ తిరగబడిందో పట్టుకునేదెవరు? కట్టడం తెలిసినవాడే పట్టుకుంటాడు. "ప్లేస్‌మెంటుకు పనికొస్తుందా?" అని ఇంకొందరు. రావచ్చు, రాకపోవచ్చు. మా ఊళ్లో విత్తనం వేసే ముందు నూరు గింజలు తడిగోనెలో చుట్టి ఎన్ని మొలిచాయో చూస్తారు. వారానికొక పేజీ అలాంటి మొలక పరీక్ష. పోతే గుప్పెడు గింజలు, దక్కితే పంటంతా.

అందుకని మన విద్యార్థి సంఘానికి నా విన్నపం. దయచేసి దీన్ని పోటీగా మార్చి ముఖ్య అతిథిని పిలవకండి. శనివారం రెండు గంటలు కంప్యూటర్ ల్యాబ్ తెరిపించండి, లాప్‌టాప్ లేనివాడు కూడా వస్తాడు. నోటీసు బోర్డు మీద వారానికొక సమస్య రాయించండి. ఆ సమస్యను ఒక వారం బీఎస్సీవాళ్లు, ఒక వారం తెలుగు శాఖవాళ్లు, ఒక వారం ఉర్దూ శాఖవాళ్లు ఇవ్వాలి. అధ్యాపకులు మార్కులు వేయకుండా మాతో పాటు కూర్చుని ఒక పేజీ కట్టాలి. ఈ కాలేజీలో చదివి వెళ్లిన పెద్దలు తమకు నిజంగా కావలసిన ఒక చిన్న పేజీని సమస్యగా పంపినా చాలు.

ఫోన్లు చేతిలో పట్టుకుని తిరిగేవాళ్లం లక్షల్లో ఉన్నాం. అందులో తెరుచుకునే పేజీ ఎలా కట్టారో తెలిసినవాళ్లం ఎందరం? ఆ లెక్క ఈ కాలేజీలో ఏటా కొంత పెరిగితే, వచ్చే సంచిక నాటికి చెప్పుకోవడానికి మనకొక మాట ఉంటుంది.