నాలుగు చిట్టాలు ఒకటైతే రైతు లెక్క తప్పరాదు

చంద్రగిరి: ఈ ప్రాంత పల్లెల్లో పంట అప్పన్నా, నగల కుదువన్నా, డ్వాక్రా పొదుపన్నా జనానికి బాగా అలవాటైన పేరు సప్తగిరి గ్రామీణ బ్యాంకు. చిత్తూరు కేంద్రంగా పనిచేసిన ఆ బ్యాంకు 2025 మే 1 నుంచి లేదు. దానినీ, చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, గ్రామీణ వికాస్ బ్యాంకులనూ కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా చేశారు. రాష్ట్రానికి ఒకటే వుండాలన్న విధానంతో దేశంలో 43 వున్న గ్రామీణ బ్యాంకులు 28కి తగ్గాయి.

బోర్డు మార్చడానికి ఒక పెయింటరు, ఒక పూట చాలు. లోపలి లెక్క మార్చడమే కష్టం. సప్తగిరికి ఇండియన్ బ్యాంకు, ప్రగతికి కెనరా, వికాస్‌కు స్టేట్ బ్యాంకు, చైతన్య గోదావరికి యూనియన్ బ్యాంకు అండగా వుండేవి. ఎవరి పద్ధతి వారిది. ఇప్పుడు అన్నింటికీ యూనియన్ బ్యాంకే ఆధారం గనుక నాలుగు చిట్టాలూ ఒకే కంప్యూటర్ ఏర్పాటులోకి రావాలి. ఇది మంచిదే. చంద్రగిరి రైతు శ్రీకాకుళంలోనూ తన డబ్బు తీసుకోగలగాలి. చిన్న బ్యాంకు ఒక్కటీ కొత్త సాఫ్ట్‌వేర్ ఖర్చు మోయడం కూడా కష్టమే.

చిక్కు వేరేచోట వుంది. మన పల్లెల్లో ఇంటిపేరు ముందు వస్తుంది. పాసుపుస్తకంలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పట్టాదారు పుస్తకంలో మరో తీరు. గుమాస్తాకు మనిషి తెలుసు గనుక ఇన్నాళ్లూ గడిచింది. యంత్రానికి మొహమాటం లేదు, అక్షరం తేడా వస్తే మనిషే వేరంటుంది. బ్యాంకు పాత కోడులో మొదటి నాలుగు అక్షరాలు ఇండియన్ బ్యాంకువి. అండ మారితే కోడూ మారుతుంది. పాల డబ్బు పాత కోడుకు పంపితే వెనక్కు పోవచ్చు. పదిహేను రోజులకోసారి వచ్చే ఆ డబ్బుమీదే దాణా కొనే ఇల్లు ఏంచేయాలి?

పెద్ద దేశాలవారికీ ఇది తప్పలేదు. ఇంగ్లండులో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో పాత యజమాని కంప్యూటర్ల నుంచి కొత్త యజమాని ఏర్పాటుకు ఒక్కసారిగా మారింది. దాదాపు 19 లక్షల మందికి తమ ఖాతా తెరుచుకోలేదు. నియంత్రణ సంస్థలు 2022 డిసెంబరులో 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. అక్కడివారు ఫోనులోనైనా నిలదీశారు. ఇక్కడ వేలిముద్ర వేసే అవ్వ ఎవరిని అడగాలి?

దస్త్రం చేతులు మారడమంటే ఏమిటో ఈ జిల్లాకు తెలియనిది కాదు. 1984లో కరణాల పదవులు రద్దయినా కొన్ని ఊళ్లలో పాత లెక్కలు చాలాకాలం వారి ఇళ్లలోనే వుండిపోయాయని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

బ్యాంకు అధికార్లు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. విలీనం నాటికీ, కంప్యూటర్ మార్పిడి నాటికీ నిల్వ ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్నది ప్రతి ఖాతాదారుకూ అచ్చు కాగితంపై తెలుగులో ఇవ్వాలి. పేర్ల తేడా సరిచేయడానికి సిబ్బందే ఊళ్లకు రావాలి. కూలి మానుకుని రైతే నాలుగుసార్లు తిరగాలనడం న్యాయం కాదు. 1975లో ఈ బ్యాంకులను పెట్టిందే పల్లె గడప దాకా వెళ్లడానికి. రైతులు కూడా పాత పాసుపుస్తకాలను, రసీదులను పారేయకుండా దాచుకోవాలి. నగల కుదువ చీటీమీద సప్తగిరి పేరుందన్న సాకుతో ఏ శాఖలోనూ ఎవరినీ రేపు రమ్మనకూడదు.