రోజుల లెక్క ఎవరి కొరకు?

పరదేశంలో నివసించే మనిషి ఏడాదికి ఎన్ని రోజులు ఎక్కడ ఉన్నాడన్న లెక్కపై నేడు రెండు విషయాలు నిర్ణయమవుతున్నాయి. అతని నివాసానుమతి నిలుస్తుందా లేదా అన్నది ఒకటి. అతడు ఏ ప్రభుత్వానికి పన్ను చెల్లించాలన్నది రెండవది. పైకి ఇవి అందరికీ సమానంగా వర్తించే నిబంధనలుగానే కనిపిస్తాయి. ఆచరణలో ధనికునికి ఒక క్యాలెండరు, కష్టజీవికి మరొక క్యాలెండరు నడుస్తున్నవని మేము భావిస్తున్నాము.

లక్షలాది భారతీయ కార్మికులు పనిచేస్తున్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌నే తీసుకుందాము. అక్కడ 2019లో గోల్డెన్ వీసా ప్రవేశపెట్టారు. నేడు 20 లక్షల దిర్హాంల స్థిరాస్తి కొన్నవారికి 10 సంవత్సరాల నివాసానుమతి లభిస్తున్నది. వారు ఆరు నెలలకు మించి దేశం వెలుపల ఉన్నప్పటికీ అది రద్దు కాదు. ఆ భవనాలను కట్టిన కార్మికుడు మాత్రం ఆరు నెలలు దాటి వెలుపల ఉంటే, సాధారణంగా అతని అకామా చెల్లదు. కారణం చూపి, జరిమానా చెల్లించి తిరిగి ప్రవేశించే వెసులుబాటు ఒకటి ఉన్నది. కాని ఈలోగా యజమాని ఆ పనిని మరొకరికి ఇచ్చివేస్తే ఆ వెసులుబాటు దేనికి?

పరంజా మీద నుండి పడి కాలు విరిగిన జగిత్యాల కార్మికుడు ఇంటికి వచ్చి ఏడు నెలలు వైద్యం చేయించుకున్నాడనుకుందాము. కాలు నయమయ్యేసరికి అనుమతి పోతుంది. వీసా కొరకు తెచ్చిన అప్పు, దాని వడ్డీ మాత్రం మిగులుతాయి.

ఇక పన్ను సంగతి. 2023 మార్చి 1 నుండి ఆ దేశంలో అమలైన నిబంధనల ప్రకారం 183 రోజులు ఉన్నవాడు పన్ను నివాసి. నివాసానుమతితో పాటు అక్కడ స్థిరమైన ఇల్లు లేక ఉద్యోగం, వ్యాపారం ఉన్నవానికి 90 రోజులే చాలును. పలు దేశాలలో ఆస్తులున్న వానికి ఆ ధ్రువపత్రం ఎంతో విలువైనది. ఏడాదిలో 11 నెలలు అక్కడే చెమటోడ్చే కార్మికునికి దానితో ఒరిగేది స్వల్పం. ఎక్కువ రోజులు ఉన్నవానికి తక్కువ భద్రత, తక్కువ రోజులు ఉన్నవానికి ఎక్కువ భద్రత! ఇదెక్కడి న్యాయం?

మన ప్రభుత్వం కూడా ఈ భేదాన్ని మొదట గుర్తించలేదు. ఇతర దేశంలో పన్ను బాధ్యత లేని ప్రతి భారత పౌరుని ఇక్కడి నివాసిగా పరిగణించాలని 2020 ఫిబ్రవరి 1న బడ్జెట్టులో ప్రతిపాదించింది. వేతనాలపై ఆదాయపు పన్ను లేని గల్ఫ్ దేశాలలోని కార్మికులు సహజంగానే కలవరపడ్డారు. నిజమైన కార్మికులు తమ లక్ష్యం కాదని మరునాడే వివరణ వచ్చింది. చివరకు, విదేశీ ఆదాయం కాక ఇతర ఆదాయం 15 లక్షల రూపాయలు మించిన వారికే దానిని పరిమితం చేశారు. అటువంటి వారు స్వదేశానికి వచ్చినప్పుడు వర్తించే 182 రోజుల హద్దును కూడా 120కి కుదించారు. ఈ సవరణను మేము తప్పు పట్టము. ఎక్కడా పన్ను కట్టక దేశదేశాలు తిరిగే సంపన్నుని పట్టుకోవలసిందే. కాని కార్మికునికి ఈ లెక్కను అతని భాషలో చెప్పే బాధ్యత ఎవరిది? ఉద్యోగానికై అక్టోబరులో లేక ఆ తరువాత విమానమెక్కినవాడు, ఏప్రిల్ నుండి ఇక్కడే ఉన్నట్లయితే, ఆ ఆర్థిక సంవత్సరానికి మన దేశపు నివాసియే అవుతాడు. అక్కడి వేతనం కూడా ఆ ఏటి లెక్కలోకి వస్తుంది. ఈ సంగతి ఎందరికి తెలుసు?

కనుక మేము కోరుతున్నది ఇది. వ్యాధి, ప్రమాదం, వేతన వివాదం కారణంగా వెలుపల గడిపిన కాలాన్ని ఆరు నెలల గడువులో లెక్కించరాదు, దానిపై జరిమానా విధించరాదు. గల్ఫ్ ప్రభుత్వాలతో చేసుకునే కార్మిక ఒప్పందాలలో భారత ప్రభుత్వం ఈ షరతును చేర్చించాలి. ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో నివాసానికి, పన్నుకు సంబంధించిన రెండు లెక్కలనూ మాతృభాషలో బోధించాలి.

అంతవరకు మన యూనియన్లు చేయవలసిన పని ఒకటున్నది. ప్రతి సభ్యుని చేత రాకపోకల తేదీలు వ్రాయించి, పాస్‌పోర్టు ముద్రల నకళ్ళు, విమాన టికెట్లు, ఆసుపత్రి కాగితాలు భద్రపరచజేయాలి. రేపు వివాదం వచ్చిన నాడు అతని పక్షాన సాక్ష్యం చెప్పేవి అవే.