భుజాన బిళ్ళ

కచేరీలో బిళ్ళబంట్రోతుకు గౌరవం మనిషిని బట్టి కాదు, బిళ్ళను బట్టి. దుస్తుల లోకంలోనూ అదే వింత జరిగింది.

పూర్వం కోటు ఎవరు కుట్టినదీ తెలియాలంటే మెడపట్టీ లోపలి చీటీని తిప్పి చూడవలసిందే. ఆ గుర్తును వెలుపలికి తెచ్చినవారిలో ముందువాడు ఫ్రెంచి టెన్నిస్ వీరుడు రెనే లకోస్త్. ఆయనకు ‘మొసలి’ అని పేరు పడగా, మిత్రుడు రొబేర్ జార్జ్ మొసలి బొమ్మ గీసి ఇచ్చాడు. దానిని ఆయన తన కోటుపై కుట్టించుకున్నాడు. 1933లో చొక్కాల వ్యాపారం ఆరంభించినప్పుడు ఆ మొసలి కొన్నవారందరి రొమ్ములపైకి పాకింది.

1982లో ఇటలీలోని రావరీనోలో మస్సీమో ఓస్తి మరొక అడుగు వేశాడు. లారీలపై కప్పే టార్పాలిన్ వంటి మందపు గుడ్డను మెత్తబడేలా ఉతికించి కోటులు కుట్టించి, వాటికి ‘స్టోన్ ఐలాండ్’ అని పేరు పెట్టాడు. ఎడమచేతిపై దిక్సూచి బొమ్మ గల బిళ్ళను కుట్టించలేదు. రెండు గుండీలతో తగిలించాడు. పటాలపు దుస్తుల ఛాయ అందులో ఉంది.

తగిలించినది ఊడక మానదు. ఉతుకులో పోయేవి కొన్ని, గుంపులో ఎవరో లాగుకుపోయేవి కొన్ని. ఇంగ్లండులో ఫుట్‌బాల్ అభిమానులకు ఆ బిళ్ళ కులచిహ్నమంతటిదైన తరువాత, అది లేని కోటు ముఖం లేనిదైపోయింది. నకిలీ బిళ్ళల అంగడీ వెలిసింది.

పోయినదాని స్థానే మరొకటి కావాలనుకునేవారు మొదట తయారీదారునే అడగడం మేలు. అది కుదరనప్పుడు కోటు వయస్సు చూడాలి. 1980లలోని బిళ్ళలకు అంచున సన్నని ఆకుపచ్చ దారం ఉండేది. ఇటీవలివాటికి అది లేదు. పాత కోటుకు కొత్త బిళ్ళ తగిలిస్తే తాతకు మనుమడి తలపాగా చుట్టినట్లుంటుంది. కాజాల నడిమి దూరం గుండీలతో సరిపోవాలి. దారపు పని దగ్గరగా, గీతలు తేటగా ఉండాలి.

అయితే బిళ్ళ ఎంత అసలైనదైనా కోటుకు సాక్ష్యం చెప్పలేదు; ఎక్కడికైనా మారగలిగినది దేనికీ పూచీ పడదు. కనుక కొనేవారు లోపలి చీటీ, కుట్టు, జిప్పు, గుడ్డ ముందు చూడాలి. బిళ్ళను చివరకు చూడాలి.

అమ్మేవారికి ఒక్కటే ధర్మం. బిళ్ళ మార్చడం తప్పు కాదు; మార్చిన సంగతి దాచడమే తప్పు.