కుట్టుపూల గౌనుకి చున్నీ సింగారం

ఛాతీ నిండా పూసలూ అద్దాలూ. చేతుల అంచున జరీ తళుకులు. నడుము దగ్గర్నుంచి గొడుగులా విచ్చుకునే కుచ్చిళ్లు. నడుస్తుంటే గల్లుగల్లుమనే నాణేలు. వీటన్నిటిమీదా గాలికి తేలిపోతున్నట్టుండే పల్చని చున్నీ... అఫ్గాన్ వాళ్ల పెళ్లింట్లో అడుగుపెడితే మొదట చూపు ఆగేది ఈ ముస్తాబు దగ్గరే. కాబూల్‌లో పుట్టిన అమ్మమ్మ అయినా, కాలిఫోర్నియాలో పుట్టిన మనవరాలైనా పండగపూట పెట్టె తెరిచి తీసేది ఈ గౌనునే. నౌరోజ్‌కి అదే, రంజాన్‌కి అదే, పెళ్లికి ముందు గోరింటాకు రాత్రికీ అదే!

దరీ భాషలో గౌను పేరు పెరాహన్. లోపల వేసుకునే వదులు సల్వారు తుంబాన్. పైన వేసుకునేది చాదర్. ఈ మూడూ కలిస్తేనే ముస్తాబు పూర్తయినట్టు. గౌను కుట్టడానికి నెలలు పడుతుంది, చున్నీ వేసుకోవడానికి నిమిషం చాలు. కానీ ఆ నిమిషంలో చేసే పొరపాటు నెలల కష్టాన్ని కప్పేస్తుంది. అందుకే అఫ్గాన్ ఇళ్లలో పెద్దవాళ్లు పాటించే సూత్రం ఒకటే. చున్నీ కుట్టుకి తోడుగా ఉండాలి, అడ్డుగా కాదు.

ఊరికో కుట్టు

అఫ్గాన్ గౌన్లన్నీ ఒకేలా ఉంటాయనుకుంటే పొరపాటే. కాందహార్‌ది ఖామక్. బట్టలోని దారప్పోగుల్ని ఒక్కొక్కటే లెక్కపెడుతూ పట్టుదారంతో నింపే సన్నని కుట్టు ఇది. చతురస్రాలూ నక్షత్రాలూ అచ్చు గుద్దినట్టు వస్తాయి. తెల్లబట్టమీద తెల్లదారంతో కుడితే దగ్గరికెళ్లి చూస్తేగానీ పనితనం తెలియదు. ఒకప్పుడు ఇది ఎక్కువగా మగవాళ్ల చొక్కాలకే. కాబోయే భర్తకోసం పెళ్లికూతురు ఓపిగ్గా కుట్టుకునేది. ఇప్పుడు ఆడవాళ్ల గౌన్లమీదకీ శాలువలమీదకీ వచ్చింది.

సంచార జాతులైన కూచీలది మరో తీరు. ముదురురంగు బట్టమీద పూసలతో గుండ్రని బిళ్లలు చేసి జంటలుగా కుడతారు. వీటిని 'గుల్-ఎ-పెరాహన్' అంటారు. గౌనుమీది పువ్వులన్నమాట. వాటి చుట్టూ నాణేలూ అద్దాలూ తాయెత్తులూ! చూస్తే మన లంబాడీ ఆడపడుచుల దుస్తులే గుర్తొస్తాయి. ఉత్తరాన ఉజ్బెక్, తుర్క్‌మెన్ ఇళ్లలో ఎర్రని పట్టు, వెండి నగలు ఎక్కువ. హజారాలకి రంగురంగుల లెక్కకుట్టు ఇష్టం.

అద్దాల పనిని ఆయినా దోజీ అనీ, జరీ లేసుతో మెలికలు తిప్పే పనిని చిర్మా దోజీ అనీ పిలుస్తారు. దోజీ అంటే కుట్టడం. బంగారు దారంతో చేసేది జర్దోజీ. హైదరాబాద్‌లో బ్లౌజులమీద మగ్గం వర్క్‌గా మురిపించే జర్దోసీ పేరులో ఉన్నదీ ఆ దోజీయే!

రంగు ఎలా ఎంచుకోవాలి?

గౌనుకి సరిగ్గా అదే రంగు చున్నీ వేస్తే అంతా ఒకే ముద్దలా కనిపిస్తుంది. పూర్తిగా సంబంధంలేని రంగు వేస్తే చూపంతా చున్నీమీదకే పోతుంది. మరేం చేయాలి? కుట్టులో ఎన్ని రంగులున్నాయో చూడండి. అన్నిటికన్నా తక్కువగా వాడిన రంగుని పట్టుకోండి. ముదురు నీలం గౌనుమీద ఎరుపు, ఆకుపచ్చ ఎక్కువగా ఉండి, అక్కడక్కడా మెంతిరంగు దారం కనిపిస్తోందా? చున్నీ మెంతిరంగులో వేస్తే సరి. కుట్టులో నలిగిపోయిన ఆ రంగు ఒక్కసారిగా పైకి తేలుతుంది.

గౌను నిండా పని ఉంటే చున్నీ సాదాగా ఉండాలి. అంచుకి సన్నని గోటా గానీ చిన్న పూసలు గానీ చాలు. తెల్లని ఖామక్‌లాంటి నెమ్మదైన కుట్టయితే దానిమ్మరంగు, వంకాయరంగు, నెమలిపింఛం రంగు... ఏదైనా నప్పుతుంది. అంచు కాస్త వెడల్పుగా ఉన్నా ఫర్వాలేదు.

బట్ట సంగతీ చూసుకోవాలి. నాణేలూ అద్దాలూ ఉన్న గౌనుమీద మరీ పల్చని షిఫాన్ వేస్తే పోగులు పట్టేసి లాగేస్తుంది. దానికి జార్జెట్ గానీ మెత్తని కాటన్ సిల్క్ గానీ మేలు. షిఫాన్ వేసుకోవాలని సరదాగా ఉంటే దారపు పనిమాత్రమే ఉన్న గౌను తీయండి. వెల్వెట్ గౌనుమీద జారుడు శాటిన్ నిలవదు. పదేపదే సర్దుకోవడంతోనే పండగ అయిపోతుంది!

ఏ సందడికి ఎలా?

నిఖాకి, ఇంట్లో పెద్దల ముందు: తల మధ్యనుంచి వదులుగా వేసి, రెండు కొసలూ వెనక్కి జారవిడవడం పాత పద్ధతి. నుదుటి దగ్గర కాస్త జుట్టు, పాపిటబిళ్ల కనిపిస్తాయి. చెవుల వెనక చెరో పిన్ను పెడితే కదలదు. అఫ్గాన్ పెళ్లిళ్లలో నిఖా వేళ పెళ్లికూతురు ఆకుపచ్చ కట్టుకోవడం ఆనవాయితీ. కాబట్టి చుట్టాలూ స్నేహితురాళ్లూ ఆ పూటకి వేరే రంగు ఎంచుకుంటే బాగుంటుంది.

గోరింటాకు రాత్రికి: చున్నీని సన్నని కుచ్చిళ్లుగా మడిచి ఎడమ భుజంమీద పిన్ను పెట్టి వెనక్కి వదిలేయాలి. మన వోణీలాగే అనుకోండి. కాకపోతే ఛాతీమీదుగా రానివ్వకూడదు. అక్కడే కదా అసలు పని ఉండేది!

విందుకి: వీపు వెనకనుంచి తెచ్చి రెండు మోచేతులమీదా వేలాడేయడం. వెల్వెట్ గౌన్లకి ఇది హుందాగా ఉంటుంది. ఫొటోల్లో గౌను మొత్తం కనిపిస్తుంది.

అత్తన్‌కి: గుండ్రంగా తిరుగుతూ, డోలు వేగానికి తగ్గట్టు జోరు పెంచే నాట్యం అత్తన్. గిరగిరా తిరిగేటప్పుడు కుచ్చిళ్లు విచ్చుకోవడమే దాని అందం. అప్పుడు వదులు చున్నీ పక్కవాళ్ల నాణేలకి చిక్కుకుంటుంది. ఒక భుజంమీదుగా ఏటవాలుగా తెచ్చి నడుము పక్కన ముడేసేయండి.

నిండుగా తల కప్పుకునేవాళ్లకి: తలకి చుట్టేది వేరు, భుజాన వేసేది వేరుగా పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. తలకి సాదారంగు కాటన్ స్కార్ఫ్ చుట్టి కొసలు మెడ వెనక దోపేయాలి. భుజానికి గౌనుతో వచ్చిన చాదర్. అప్పుడు మెడ కిందనుంచి కుట్టు మొత్తం కనిపిస్తుంది.

నగల విషయానికొస్తే, ఛాతీ నిండా పనుంటే హారం జోలికి వెళ్లొద్దు. పెద్ద వెండి జుంకాలు, పాపిటబిళ్ల, చేతికి వెడల్పు కడియం చాలు. బదఖ్షాన్ కొండల్లో వేల ఏళ్లుగా తవ్వుతున్న లాపిస్ లాజులి అనే నీలిరాయి పొదిగిన ఉంగరం ఒక్కటి తోడైతే ఇక చెప్పేదేముంది!

నల్లముసుగుకి పచ్చగౌను జవాబు

ఈ గౌను పండగలకే పరిమితమైపోకుండా ఒకసారి ప్రపంచం ముందుకూ వచ్చింది. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ని చేజిక్కించుకున్నారు. సెప్టెంబరులో కాబూల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో తల నుంచి పాదాలదాకా నల్లని ముసుగులు వేసుకున్న మహిళలు తాలిబన్లకు మద్దతుగా సమావేశమయ్యారు. ఆ దృశ్యాలు చూసి చరిత్ర అధ్యాపకురాలు బహార్ జలాలీ ఊరుకోలేకపోయారు. ఆకుపచ్చ కుట్టుగౌనులో ఉన్న తన ఫొటోని ట్విటర్‌లో పెట్టి, అఫ్గాన్ సంస్కృతి అంటే ఇదీ అన్నారు. అంతే! లండన్ నుంచీ జర్మనీ నుంచీ అమెరికా నుంచీ అఫ్గాన్ మహిళలు తమ ఎరుపు, నీలం, ఊదారంగు గౌన్ల ఫొటోలు పెట్టడం మొదలుపెట్టారు. 'నా దుస్తుల జోలికి రావద్దు' అన్నది వాళ్ల నినాదం.

ఆ ఫొటోల్లో కొందరి తలమీద చున్నీ ఉంది, కొందరికి లేదు. వాళ్ల గొడవ చున్నీతో కాదు. ఏది వేసుకోవాలో, ఎలా వేసుకోవాలో తామే నిర్ణయించుకుంటామన్నదే వాళ్ల మాట. ఆ అవకాశం దేశం లోపలున్నవాళ్లకి లేకుండాపోయింది. 2022 మే నెలలో బయటికొస్తే ఆడవాళ్లు నిండా ముసుగు వేసుకోవాల్సిందేనని ఉత్తర్వు వచ్చింది. 2023 జులైలో పెళ్లికూతుళ్లని ముస్తాబు చేసే బ్యూటీపార్లర్లనూ మూసేయించారు. అందుకే పరాయిదేశంలో ఉన్న అఫ్గాన్ తల్లి నౌరోజ్ రోజున కూతురికి ఈ గౌను తొడిగి చున్నీ సర్దుతుంటే అది ఉత్త ముస్తాబు కాదు. అక్కడ వీధిలో కనిపించకుండా చేసిన రంగుల్ని ఇక్కడ దాచిపెట్టుకోవడం.

కొనేముందు, దాచేముందు

అమెరికాలోని ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్లూ ఎక్కువే, అఫ్గాన్ కుటుంబాలూ ఎక్కువే. ఊళ్లో ఒక ప్రాంతానికి లిటిల్ కాబూల్ అన్న పేరే ఉంది. అలాంటిచోట పక్కింటి పెళ్లికి పిలుపొచ్చి గౌను కొనాలనుకుంటే కొన్ని చూసుకోవాలి. మొదట తిరగేసి చూడండి. చేతికుట్టయితే వెనకవైపు ముడులు, కాస్త హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. మిషన్ పనైతే అంతా ఒకేలా ఉంటుంది. పాత కూచీ గౌన్లలో చాలావాటికి ఒకదాని ఛాతీ, మరోదాని చేతులు కలిపి కుట్టి ఉంటాయి. అది మోసం కాదు. చిరిగిన గౌనులోంచి మంచి కుట్టుని తీసి కొత్తదానికి వేసుకోవడం వాళ్ల అలవాటు. గౌనుతో చున్నీ రాకపోతే మ్యాచింగ్ సెంటర్లో సాదా జార్జెట్ తీసుకుని రంగు వేయించుకోవచ్చు.

ఇంటికి తెచ్చాక నీళ్లలో ముంచొద్దు. పాత దారాల రంగు దిగుతుంది, జరీ నల్లబడుతుంది. నీడన గాలికి ఆరేసి, మెత్తని నూలుబట్టలో మడతపెట్టాలి. హ్యాంగర్‌కి తగిలిస్తే నాణేల బరువుకి భుజాల దగ్గర కుట్లు ఊడిపోతాయి.

వీలైతే ఎవరు కుట్టారో అడగండి. 2003లో అమెరికా నుంచి కాందహార్ తిరిగివెళ్లిన రంగీనా హమీదీ అక్కడి మహిళలతో ఖామక్ కుట్టించి అమ్మే 'కాందహార్ ట్రెజర్' సంస్థను నిలబెట్టారు. తర్వాత దేశ విద్యాశాఖ మంత్రిగానూ పనిచేశారు. ఆమె నమ్మకం గడప దాటలేని ఆడవాళ్ల సూదిమీదే. బడులూ ఆఫీసులూ ఎన్నో మూసుకుపోయిన ఆ దేశంలో ఇంట్లో కూర్చుని చేసే కుట్టుపనే ఇప్పటికీ కొన్ని ఇళ్లకి ఆధారం. పోగులు లెక్కపెట్టుకుంటూ, కళ్లు చికిలించుకుంటూ ఒకావిడ నెలలపాటు నింపిన పువ్వులవి. ఈసారి పండక్కి ఆ గౌను వేసుకుంటే అద్దంలో ఒక్కటి సరిచూసుకోండి... చున్నీ ఆ పువ్వుల్ని కప్పేయడం లేదు కదా!