గాజుతొట్టిలో సముద్రము

మన విద్యార్థులలో ననేకులు ఉప్పునీటి చేపలను పెంచ నుత్సహించుచున్నారు. ఆ యుత్సాహము మెచ్చదగినదే. అయినను చేపలకంటె ముందు సంపాదింపవలసినది ఓర్పని మా యభిప్రాయము.

మే మొకప్పుడు తొట్టిని నింపిన మూడవనాడే చేపలను విడిచితిమి. నీరు స్ఫటికమువలె తేటగా నుండెను. కాని వారము తిరుగకమునుపే చేపలన్నియు చచ్చెను. కారణ మేమనగా, చేపల విసర్జనమునుండియు, మిగిలిన మేతనుండియు అమోనియా యను విషము పుట్టును. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప నంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. ఆ జీవులు రాళ్లయందును ఇసుకయందును వృద్ధిపొందుటకు సాధారణముగా 4 మొదలు 6 వారములు పట్టును. అంతవఱకు కొంచెము మేత మాత్రము వేయుచు నీటిని పరీక్షింపవలెను. అమోనియా, నైట్రైటు రెండును శూన్యమైన పిమ్మటనే ఒకటి రెండు క్లౌను చేపలను విడువవచ్చును.

చిన్నతొట్టి సులభమని కొందఱందురు. మే మంగీకరింపము. కొద్దినీటిలో వేడియు, లవణమును త్వరగా మాఱును. లీటరునకు సుమారు 35 గ్రాముల లవణ ముండవలెను. ఆవిరియగునది నీరే కాని యుప్పు కాదు; కావున తగ్గినంతమేర మంచినీరే పోయవలెను.

ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో అక్వేరియమును గూర్చి గ్రంథము ప్రకటింపగా, జనులు తీరమునకు పరుగెత్తి రాతిగుంటలలోని జీవులను కొల్లగొట్టిరి. ఆ నష్టమును గూర్చి యతని కుమారుడే 1907లో విచారముతో వ్రాసెను. కావున విద్యార్థులారా, మన తీరమునుండి ఏ జీవిని తేవలదు. తొట్లలో పుట్టి పెరిగిన చేపలనే కొనుడు.

చేపను కొనుట నిమిషపు పని. దానికి నీటిని సిద్ధపఱచుట నెల పని. ఆ నెల యోర్వలేనివారు కొనకుండుటయే మేలు.