నాసిక్ రైతుకు దక్కింది గంభీరావుపేట గౌడన్నకు ఎందుకు దక్కదు?

మహారాష్ట్ర 2001లోనే ద్రాక్ష శుద్ధి పరిశ్రమకు ఒక విధానం రాసుకుంది. అక్కడి ద్రాక్షతో చేసిన వైన్‌కు ఎక్సైజు సుంకం మినహాయించింది, వించూరులో వైన్ పార్కు పెట్టింది. నాసిక్ తోటలో పండిన ద్రాక్ష పులిస్తే పరిశ్రమ అయింది. తెలంగాణలో ఎగువ మానేరు పారే గంభీరావుపేట మండలంలో తాటికల్లు పులిస్తే మాత్రం ఆబ్కారీ కేసుల లెక్కలోకే ఎందుకొస్తుంది? వైన్‌లో ఆల్కహాలు సాధారణంగా పన్నెండు శాతం దాకా ఉంటుంది, కల్లులో అంతకంటే చాలా తక్కువ.

గౌడన్న మోకు, ముత్తాదు కట్టుకొని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కుతాడు. పట్టు జారితే నడుము పోతుంది, లేదా ప్రాణమే పోతుంది. ఇంత చేసే మనిషికి సర్కారు ఇచ్చేది టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) లైసెన్సు, కాదంటే సొసైటీ సభ్యత్వం. ఆ కాగితం చూసి అప్పిచ్చే బ్యాంకును ఒక్కదాన్ని చూపించండి!

చెట్టు పన్ను రద్దు చేశారు. 2024 జూలైలో కాటమయ్య రక్షా కవచం కిట్లు మొదలుపెట్టారు. రెండూ మంచి పనులే, ఎప్పుడో జరగాల్సినవి. కానీ చెట్టు మీంచి పడకుండా కాపాడితే సరిపోతుందా? దిగినంక బతకొద్దా?

మద్యం దుకాణాల్లో గౌడులకు 15 శాతం రిజర్వేషన్ ఇచ్చామంటారు. 2025లో దరఖాస్తు రుసుమే 3 లక్షలు. లాటరీలో పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగిరాదు. రోజూ చెట్టెక్కి బతికే మనిషి అంత సొమ్ము ఎక్కడ తెస్తాడు? ఆ రిజర్వేషన్ డబ్బున్నోడికే అందింది.

2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. నీరా అంటే ఇంకా పులియని చెట్టు రసం, అది పుట్టేది ఊళ్లో. దించిన కొద్ది గంటల్లో చల్లబరచకపోతే పులిసిపోతుంది. చల్లబరిచే యంత్రం లేని పల్లెకు నీరా విధానం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కల్లులో ఆల్ప్రాజోలం కలిపినవాణ్ని జైల్లో పెట్టండి. చెట్టు గీసినవాణ్ని అదే గాటన కట్టకండి. అతని కల్లు స్వచ్ఛమైనదని ముద్ర వేసి ఇచ్చే పరీక్షాకేంద్రం మండలంలోనే పెట్టండి.

సొసైటీలకు వనాల కోసం ఐదెకరాలిస్తామన్న 560 జీవో ఉంది. ఆ భూమి కొలిచి ఇవ్వండి. సొసైటీ పేరు మీద తక్కువ వడ్డీ అప్పు, తాటిబెల్లం వండే షెడ్డు, నీరాను నిలవచేసి అమ్ముకునే లైసెన్సు గంభీరావుపేటకు రావాలి. వచ్చే బడ్జెట్‌లోనే రావాలి.